భీమిలి పాత కట్టడాల ఫొటోలు: తీసినవారు మీ అనుభవాలు చెప్పండి

గోదారిగట్టు:
సంక్రాంతి సెలవుల్లో రెండు రోజులు భీమునిపట్నంలో ఉండి డచ్చివారి సమాధులను, గంటస్తంభాన్ని, పాత బంగళాలను ఫొటోలు తీయాలనుకుంటున్నాను. ఏ వేళ వెలుతురు బాగుంటుందో, ఏ లెన్స్ పట్టుకెళ్లాలో, ఇళ్ల లోపల తీయాలంటే ఎవరిని అడగాలో, తీసినవాటిని ఎలా భద్రపరచాలో తెలిసినవారు చెప్పగలరు.

నలుపుతెలుపు:
నేను సాయంత్రం వెళ్లి ఒక రోజంతా పోగొట్టుకున్నాను. అక్కడ సముద్రం తూర్పున, కొండ పడమట ఉంటాయి కాబట్టి పొద్దు వాలేసరికి సముద్రం వైపు చూసే గోడలన్నీ నీడలో పడిపోతాయి. మరునాడు తెల్లవారుతూనే వెళ్తే అవే గోడలు, పెచ్చులూడిన చోట ఇటుక వరసలతో సహా, బంగారు రంగులో కనిపించాయి. సమాధుల మీది అక్షరాలు బాగా అరిగిపోయాయి. అందుకని సుద్దముక్కను పొడి చేసి రాతి మీద రుద్ది, పైపైన గుడ్డతో తుడిచాను. ప్రతి అక్షరమూ తెల్లగా తేలింది. నేను తీసినవాటిలో అంత మంచి ఫొటో మరొకటి లేదు.

గానుగసున్నం:
సుద్ద రుద్దారని చదివి చాలా బాధపడ్డాను. ముప్ఫయ్యేళ్లుగా పాత కట్టడాల మరమ్మతు పనుల్లోనే ఉన్నాను కాబట్టి ఈ విషయం గట్టిగా చెప్పే హక్కు నాకు ఉందనుకుంటున్నాను. మనం వాడే సుద్దముక్కల్లో ఎక్కువగా ఉండేది జిప్సం. ఆ పొడి రాతి రంధ్రాల్లో చేరి, తేమకు కొంత కరిగి, ఆరినప్పుడు మళ్లీ గట్టిపడి లోపలి నుంచి రాతిని పొరలుగా లేపుతుంది. సముద్రపుటొడ్డున ఉప్పు ఇప్పటికే చేస్తున్న పని అదే. పైగా గుడ్డతో తుడిచిన ప్రతిసారీ అక్షరం అంచు అరుగుతుంది.

నలుపుతెలుపు:
అయ్యా, 17వ శతాబ్దం నుంచి వాననూ ఉప్పుగాలినీ తట్టుకున్న రాయి నా ఒక్క సుద్దముక్కకు పాడైందంటే ఒప్పుకోలేను. ఆ అక్షరాలను చదవగలిగేలా ఎవరూ తీయకపోతే, రేపు అవి పూర్తిగా పోయాక మనకు మిగిలేది ఏమిటి?

గానుగసున్నం:
మీరు ఒక్కసారే రుద్దారు. మీ ఫొటో చూసి వచ్చే పదిమందీ తలా ఒకసారి రుద్దుతారు. చదవడానికి రాతిని ముట్టుకోనక్కరలేదు, వెలుతురును పక్క నుంచి, రాతికి దాదాపు ఆనుకునేటట్టు పడనిస్తే చాలు. కెమెరాను ట్రైపాడ్ మీద కదలకుండా ఉంచి, నీడ పట్టిన వేళ టార్చిని ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి పైనుంచి వేసి రెండు ఫొటోలు తీయండి.

కలువకొలను:
టార్చి లేకపోతే అద్దం చాలు, నేను అలాగే తీశాను. దగ్గరి టీ కొట్టులో గోడకు వేలాడుతున్న అద్దాన్ని అడిగి తెచ్చి, మా తమ్ముడి చేత ఎండలో పట్టించి, వెలుగును రాతి మీదుగా ఏటవాలుగా పంపించాను. అంతవరకూ నున్నగా కనిపించిన పలక మీద ఒక్కో గీతకూ సన్నని నీడ పుట్టి, ఒక అక్షరం కొక్కెంలాగా వంపు తిరిగి పైకి లేచింది. మా తమ్ముడి చెయ్యి కాస్త కదిలితే చాలు, అది మాయమైపోయేది.

నలుపుతెలుపు:
ఈ పద్ధతి నాకు ముందే తెలిసి ఉంటే బాగుండేది. అయినా తెలియనివారిని నేరస్థుల్లాగా మాట్లాడటం సరికాదని గానుగసున్నం గారికి మనవి.

గంటస్తంభంవీధి:
రాయి గురించి ఇంత తగవు పడుతున్నారు గానీ, మనుషుల గురించి ఎవరూ మాట్లాడటం లేదు. ఒకాయన మా వీధి ఫొటో పెట్టి కింద "మనుషులు లేని ఊరు" అని రాశారు. ఆ ఫొటోలో మూసి ఉన్న తలుపు వెనకే మా పెద్దమ్మ మధ్యాహ్నం నిద్రపోతోంది. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు మాది. మా రేవు నుంచి ఎగుమతైన గోగునారకు బిమ్లీ జూటు అని పేరే ఉండేది. రైలు మార్గం మా ఊరిని తాకకుండా లోపలి నుంచి పోయింది, 1933లో విశాఖ హార్బరు తెరుచుకుంది, మా రేవుకు ఓడలు రావడం మానేశాయి. ఊరు చిన్నబోయింది నిజమే, ఇప్పుడు విశాఖ నగరపాలక సంస్థలో కలిసిపోయింది కూడా. కానీ మేము ఇంకా అక్కడే ఉన్నాం.

నలుపుతెలుపు:
పాడుబడిన కట్టడాన్ని ఉన్నది ఉన్నట్టు తీస్తే ఊరిని అవమానించినట్టు ఎలా అవుతుందండీ?

గంటస్తంభంవీధి:
తీయవద్దని నేను అనలేదు. అరుగు మీద కూర్చున్నవారిని పక్కకు జరగమని చెప్పి, ఖాళీ అరుగును తీసి, ఊరు ఖాళీ అయిపోయిందని రాయడం అబద్ధం అంటున్నాను.

తూర్పుగాలి:
గోదారిగట్టు బాబూ, నేను ఆ ఊళ్లోనే ఉంటున్న రిటైర్డు టీచరును. నువ్వు అడిగినవాటిలో అనుమతి సంగతి నేను చెబుతాను. తలుపు తట్టి, ఏ ఊరి నుంచి వచ్చావో, ఎందుకు తీస్తున్నావో చెబితే చాలామంది లోపలికి పిలిచి మంచినీళ్లిస్తారు, వంటింటి వైపు మాత్రం అడగకుండా కెమెరా తిప్పవద్దు. చుట్టుపక్కల నౌకాదళ స్థావరాలు ఉన్నాయి కాబట్టి డ్రోన్ ఊసే ఎత్తవద్దు. ఇంకో మాట, పాత సున్నపు గోడలకు ఈమధ్య సిమెంటు పూస్తున్నారు. లోపలి చెమ్మ బయటికి పోయే దారి లేక గోడ ఉబ్బిపోతుంది. పూయకముందు ఎలా ఉందో ఫొటో ఉంటే, తరువాత బాగు చేయించేవారికి పనికొస్తుంది.

గానుగసున్నం:
మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. అందుకే అందమైన మూల ఒక్కటే తీసి ఊరుకోకుండా, ఎదురుగా నిలబడి గోడ మొత్తం తీయాలి. కెమెరాను పైకి ఎత్తితే గోడలు వెనక్కి వాలినట్టు పడతాయి కాబట్టి, వీలైనంత వెనక్కి జరిగి కెమెరాను నిటారుగా పట్టుకోండి. కిటికీ పక్కన ఒక కొలబద్ద ఆనించి ఇంకొకటి తీస్తే కొలతలూ దొరుకుతాయి. నలుపుతెలుపు గారూ, నా మాట కటువుగా అనిపించి ఉంటే క్షమించండి. మీరు తీసిన అక్షరాల ఫొటోను దయచేసి పారేయవద్దు.

గోదారిగట్టు:
అందరికీ కృతజ్ఞతలు. సుద్ద ముట్టను, అద్దం తీసుకెళ్తాను. భద్రపరచడం గురించి కూడా ఎవరైనా చెబితే మేలు.

గంటస్తంభంవీధి:
మా అమ్మమ్మ ఇల్లు కూల్చి పన్నెండేళ్లయింది. మాకు మిగిలింది అరుగు మీద ఆవిడ చేట పట్టుకుని కూర్చున్న ఒక్క ఫొటో, దాని వెనక పెన్సిలుతో రాసిన వీధి పేరు. ఆ రాత లేకపోతే అది ఏ ఊరో మా పిల్లలకు తెలిసేది కాదు. మీరు తీసే ప్రతి ఫొటోకూ తేదీ, వీధి పేరు, ఏ వైపు నిలబడి తీశారో రాసిపెట్టండి. వీలైతే మా పెద్దమ్మ ఇంటి అరుగు కూడా తీయండి. ఉదయం ఏడింటికి ఆవిడ అక్కడే కూర్చుని ఉంటుంది, నేను ముందుగా ఫోన్ చేసి చెబుతాను.