స్థానభ్రంశంలో దిక్కు ఎక్కడుంది?

తెలుగు మీడియం పిల్లల్ని దూరానికీ స్థానభ్రంశానికీ (బయల్దేరిన చోటు నుంచి చేరిన చోటికి తిన్నగా గీసిన గీత పొడవు, దాని దిక్కు) తేడా అడగండి, నిర్వచనం గడగడా అప్పజెప్పేస్తారు. లెక్క ఇస్తే మాత్రం కిలోమీటర్లు రాసి ఊరుకుంటారు, దిక్కు రాయరు. తప్పంతా పిల్లలదే అనను, అసలు ఆ మాటలో దిక్కు ఊసే లేదు కదా. భ్రంశం అంటే జారిపోవడం, పడిపోవడం. అపభ్రంశం, భ్రంశ లోయ, చివరికి మనం తిట్టే ‘భ్రష్టు పట్టింది’ కూడా ఆ ధాతువు నుంచి వచ్చినవే.

గోదావరినే తీసుకోండి. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి సముద్రంలో కలిసేదాకా 1465 కిలోమీటర్లు, అది దూరం. మ్యాపు మీద త్ర్యంబకానికీ వశిష్ఠ పాయ కలిసే అంతర్వేదికీ స్కేలు పెట్టి గీత గీస్తే సుమారు 950 కిలోమీటర్లు వస్తుంది, స్థానభ్రంశం అదే, కానీ అక్కడితో ఆపితే సగం జవాబే, ‘ఆగ్నేయంగా’ అని కూడా చేర్చాలి. ఇంకా కచ్చితంగా కావాలంటే తూర్పు నుంచి దక్షిణం వైపు 25 డిగ్రీలు అనాలి, ఎందుకంటే అసలైన ఆగ్నేయం 45 డిగ్రీల దగ్గరుంటుంది. దారిలో నది ఎన్ని మలుపులు తిరిగితే మనకెందుకు?

↳ సున్నా సంగతి కూడా చెప్పండి సార్. సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు, కొండ కింద తొలి మెట్టయిన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరి మళ్ళీ అక్కడికే చేరితే స్థానభ్రంశం సున్నా అన్నాను. కాళ్ళు పీకేస్తుంటే సున్నా ఏంటి నాన్నా అని మావాడు ఒకటే గొడవ!

↳ కాళ్ళ నొప్పి దూరం లెక్కలోకి వస్తుందని చెప్పండి 😀 అదే నడక 8 గంటల్లో పూర్తయితే సగటు వడి గంటకు 4 కిలోమీటర్లు, సగటు వేగం మాత్రం స్థానభ్రంశాన్ని బట్టి లెక్క కాబట్టి సున్నా. బయట వడి అన్నా వేగం అన్నా మనకి ఒకటే, పుస్తకంలో మాత్రం వేగానికి దిక్కుంది, వడికి లేదు.

↳ అయితే ఈ మాట మార్చేస్తే పోలా?

↳ వద్దండి. ఇన్నేళ్ళ పుస్తకాలు, పరీక్ష పేపర్లు అన్నీ దీనితోనే ఉన్నాయి. పక్కనే ‘సదిశ’ (వెక్టర్) అనే చక్కటి మాట ఉంది, దిశతో కూడినది అని అర్థం దానంతటదే చెబుతుంది. ముందు అది నేర్పి తర్వాత స్థానభ్రంశానికి వస్తే చాలు. నన్నడిగితే భ్రంశం సరిగ్గా అతికింది కెమిస్ట్రీలో. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో జింకు వేస్తే అది హైడ్రోజన్‌ని బయటికి తోసి దాని చోట కూర్చుంటుంది, అదీ రసాయన స్థానభ్రంశమే, అక్కడ దిక్కుతో పనే లేదు.