నియ్యత్ వేరు, నియతి వేరు

‘వానికి నియ్యత్ లేదు’, అంటే నిజాయితీ లేదు అనే మన మాటను ఈ చర్చలో ఒకరు సరిదిద్దారు. అసలు పదం ‘నియతి’ అట, సంస్కృతం పల్లెల్లో నలిగి అట్లా అయిందట. చాలామంది ఔనన్నారు కూడా. నేను మాత్రం ఒప్పుకోను. ఇది ఒత్తు తప్పిన సంగతి కాదు, ఆ రెండు మాటలకూ పొత్తే కుదరదు.

నియతి అంటే నియమం, విధి. బుద్ధుడి కాలంలో ఆజీవకులు అనే సన్యాసుల శాఖకు గురువైన మక్ఖలి గోసాలుడు చెప్పింది ఈ నియతి గురించే, జరిగేదంతా ముందే ఖరారైంది, మనిషి ప్రయత్నంతో మారేదేమీ లేదని. నియ్యత్ అరబ్బీ మాట, ఉర్దూ మీదుగా మనకొచ్చింది. పని మొదలుపెట్టే ముందు మనసులో ఉన్న ఉద్దేశం, సంకల్పం అని అర్థం. రంజాన్‌లో ఉపవాసానికి ‘నియ్యత్ చేసుకోవడం’ అంటారు, అదే ఇది.

నల్లగొండ, దేవరకొండ, అచ్చంపేట వైపు ఈ మాట ఎక్కడ వినపడుతుందో గమనించండి. పత్తి కాంటా దగ్గర, చిట్టీ పైసల దగ్గర, పాలు పోసే దగ్గర. ‘నియ్యత్‌గ తూకమేసిండు’, ‘నియ్యత్ గల మనిషి, నమ్మొచ్చు’. ఇందులో విధి ఎక్కడ అతుకుతుంది? తలరాతకు మనకు నసీబు అనే మాట వేరే ఉండనే ఉంది. ‘నా నసీబుల లేదు’ అంటారు గానీ ‘నా నియ్యత్‌ల లేదు’ అని ఎవరూ అనరు కదా. ఉద్దేశం అనే అర్థం నిజాయితీ వైపు జరగడం కూడా మన దగ్గరే మొదలు కాలేదు, ఉర్దూలోనే ‘నియ్యత్ ఖరాబ్’ అంటే బుద్ధి చెడిందని.

ఇస్లాంలో ఈ మాట బరువు తెలియాలంటే హదీసులు అంటే ప్రవక్త ముహమ్మద్ మాటలు, చేతల ఉల్లేఖనాలు, వాటి ప్రసిద్ధ సంకలనం సహీహ్ బుఖారీలో మొట్టమొదటి హదీసు చూడాలి. కర్మలు సంకల్పాలను బట్టే, ప్రతి మనిషికీ తాను సంకల్పించిందే దక్కుతుంది అని ప్రవక్త చెప్పారు, ఉల్లేఖించింది ఆయన సహచరుడు, తర్వాత రెండో ఖలీఫా అయిన ఉమర్. వెంటనే వలస ఉదాహరణ వస్తుంది. ఊరు విడిచి పోయిన ఇద్దరి ప్రయాణం ఒకటే, కానీ ఒకరు దేవుడి కోసం పోయారు, ఇంకొకరు లాభం కోసమో పెళ్లి కోసమో పోయారు. ఎవరి వలస వారు తలచుకున్న దాని కోసమే. ఇంకో హదీసు నాకు మరీ ఇష్టం: చెడ్డ పని చేద్దామనుకుని చేయకుండా ఆగిపోయినవాడికి ఒక పూర్తి పుణ్యం రాస్తారట. నిద్రలో ఉన్నవాడు, పసివాడు, మతి తప్పినవాడు, ఈ ముగ్గురి మీద మాత్రం పాపపుణ్యాలు రాసే కలమే లేదు. ఎంచుకునే శక్తి లేనిచోట లెక్కా లేదు.

‘మీ ఇస్లాంలో అంతా అల్లా రాసిందే కదా’ అని ఒకరు అడిగారు, మంచి ప్రశ్న. ఖుర్ఆన్ 18:29లో సత్యం మీ ప్రభువు నుంచి వచ్చింది, ఇష్టమైనవారు నమ్మొచ్చు, ఇష్టమైనవారు తిరస్కరించొచ్చు అని ఉంది. 81:29లో అల్లా కోరితే తప్ప మీరు కోరలేరని ఉంది. రెండూ ఆ గ్రంథంలోవే, అందుకే ఈ వాదం వందల ఏళ్లు నడిచింది. మనిషి పనులు మనిషివే, లేకపోతే శిక్షించడం అన్యాయమవుతుంది అన్నారు ముతజిలీలు అనే తర్కవాద పండితులు. పనిని సృష్టించేది దేవుడు, దాన్ని సంపాదించుకునేది మనిషి అన్నారు వారిని వ్యతిరేకించిన పండితుడు అష్అరీ. ఆ ‘సంపాదన’ అనే మాటతో చిక్కుముడి మొత్తం విడిపోయిందని నాకనిపించదు, కానీ బాధ్యత మనిషి మీదే నిలబడింది.

ఉమర్‌దే ఇంకో సంగతి. సిరియాకు పోతుంటే అక్కడ ప్లేగు ఉందని దారిలో తెలిసి వెనక్కి తిరిగారు. అల్లా రాత నుంచి పారిపోతున్నారా అని ప్రవక్త మరో సహచరుడు అబూ ఉబైదా అడిగితే, అవును, అల్లా రాత నుంచి అల్లా రాత వైపే పోతున్నాం అన్నారు. నియ్యత్ హదీసు చెప్పిన మనిషే ఈ మాటా అన్నారు. రాతను నమ్మడమంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం అని ఆయన అనుకోలేదు.

కాబట్టి దయచేసి నిఘంటువు పట్టుకుని ఈ మాటను ‘నియతి’గా దిద్దొద్దు. దిద్దితే మంచి మనిషిని పట్టుకుని ‘విధి గలవాడు’ అన్నట్టు అవుతుంది. కొందరు ‘నియ్యతి’ అని ఇకారం చేర్చి పలుకుతారు, అది మన నోటి అలవాటు, ఉండనివ్వండి. గద్వాల, నారాయణపేట వాళ్లు ఎవరైనా ఉంటే మీ దగ్గర ఎట్లా పలుకుతారో, తూకం, పైసలు కాకుండా ఇంకెక్కడ వాడతారో రాయండి.