ఎలుక లివర్ బాగుపడిందట, మరి మనం పసరు తాగొచ్చా?

హన్మకొండ చౌరస్తా:
వానలు మొదలయ్యాక మా వాడలో పసిరికలు (కామెర్లు) బాగా కనిపిస్తున్నాయి. మా బాబాయి ములుగు వైపు వెళ్లి పసరు పోయించుకొని వచ్చాడు, నేల ఉసిరి అని చెప్పారట. ఫ్యామిలీ గ్రూపులో ఒకరు రీసెర్చ్ పేపర్ పెట్టారు, నేల ఉసిరి సారం ఇచ్చిన ఎలుకల్లో లివర్, కిడ్నీ రెండూ దెబ్బతినలేదని అందులో ఉంది. ఇంత రుజువున్నా డాక్టర్లు వద్దనడం ఎందుకు?

ల్యాబ్ కోటు:
ఆ పేపర్లో 'పద్ధతి' అన్న భాగం చదివారా? ఇలాంటి ప్రయోగాల్లో చాలావాటిలో ముందు కొన్ని రోజులు సారం తాగించి, ఆ తర్వాతే కార్బన్ టెట్రాక్లోరైడ్ అనే విష రసాయనమో, కిలో బరువుకి 2 గ్రాముల పారాసిటమాలో ఇచ్చి లివర్‌ని దెబ్బతీస్తారు. అంటే రాబోయే దెబ్బని కాచిందా లేదా అన్నదే అక్కడ పరీక్ష. మీ బాబాయికి ముందే పసిరికలు వచ్చాయి, అదీ బహుశా నీళ్ల వల్ల వచ్చే హెపటైటిస్-ఏ లేదా హెపటైటిస్-ఈ వైరస్‌తో. విషం వేరు, వైరస్ వేరు. ఇంకో మాట, ఎలుకకి పిత్తాశయమే ఉండదు. మనకి అందులోంచి రాయి జారి నాళానికి అడ్డం పడినా ఒళ్లు పచ్చబడుతుంది, దానికి ఏ పసరూ పనిచేయదు.

ఏటూరునాగారం పిల్లోడు:
అన్నా, చదువుకున్నోళ్లు ఎప్పుడూ ఇదే మాట. ఆస్పత్రిలో మాత్రం ఏం చేస్తున్నారు, గ్లూకోజ్ ఎక్కించి రెస్ట్ తీసుకోమని పంపుతారు. వాళ్లు రాసే లివర్ మందు సిలిమారిన్ కూడా మొక్క నుంచి తీసిందే కదా, పైగా మీ ఎలుకల ప్రయోగాల్లో పోల్చి చూసేది దానితోనే. మా దగ్గర తాతల నాటి నుంచి పసరు పోస్తున్నారు, తగ్గకపోతే జనం ఎందుకొస్తారు?

ల్యాబ్ కోటు:
తగ్గుతుంది తమ్ముడూ, కాదనను. హెపటైటిస్-ఏ, హెపటైటిస్-ఈ రెండూ చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి, పసరు పోసినా పోయకపోయినా. అందుకే పసరు లేని వాళ్లతో పోల్చి చూడాలి. నేల ఉసిరి మీద మనుషుల్లో పరీక్ష జరగలేదని కూడా అనను. హెపటైటిస్ బి మోస్తున్న వాళ్లకి మద్రాసులో ఇచ్చి చూసి 1988లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు, 37 మందిలో 22 మందికి వైరస్ గుర్తు రక్తంలో కనబడకుండా పోయింది. అందరూ సంబరపడ్డారు. తర్వాత వేరే చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం మళ్లీ రాలేదు.

కాజీపేట జంక్షన్:
లివర్ గొడవే నడుస్తోంది, కిడ్నీ సంగతి ఎవరూ ఎత్తట్లేదు. కిడ్నీ కోసం చేసే రక్తపరీక్షలో క్రియాటినిన్ మామూలుగా ఉంటే కిడ్నీ బాగున్నట్టే అనుకోకూడదు, పని సగం దాకా పడిపోయినా ఆ అంకె పెద్దగా కదలకపోవచ్చు, అందుకే కణజాలాన్ని కోసి రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. మోతాదు ఇంకో తలనొప్పి. ఎలుకకి కిలోకి 200 మిల్లీగ్రాములంటే, ఎలుక మోతాదుని మనిషికి మార్చే లెక్క ప్రకారం 6.2తో భాగిస్తే మనిషికి కిలోకి 32 వస్తుంది, 60 కిలోల మనిషికి దాదాపు 2 గ్రాముల ఎండు సారం. గ్లాసు పసరులో ఎంత ఉందో పోసేవాళ్లకే తెలియదు. అన్నిటికన్నా నాకు భయం మొక్క మారిపోవడం. బెల్జియంలో బరువు తగ్గడానికి వాడిన చైనా మూలికల్లో ఒకదాని బదులు ఈశ్వరి జాతి మొక్క కలిసి ఆడవాళ్ల కిడ్నీలు పాడైన సంగతి 1993లో బయటపడింది. మొన్న కరోనాలో తిప్పతీగ కషాయం తాగిన కొందరికి లివర్ దెబ్బతింటే, అది అసలు తిప్పతీగ కాదేమో అని కూడా వాదన నడిచింది.

ఏటూరునాగారం పిల్లోడు:
మావాళ్లకి మొక్క తెలియకపోవడమా, మంచి జోక్.

హన్మకొండ చౌరస్తా:
కొట్టుకోకండి, బాబాయి పసరు ఆపడు, అది తేలిపోయింది. ఇప్పుడేం చేయమంటారు?

ల్యాబ్ కోటు:
రేపే లివర్, కిడ్నీ ఎలా ఉన్నాయో చెప్పే రక్తపరీక్షలు, అంటే బిలిరుబిన్, ఎస్‌జీపీటీ, పీటీ ఐఎన్‌ఆర్, క్రియాటినిన్ చేయించండి. మాట తడబడినా, పగలంతా మత్తుగా పడుకున్నా, మూత్రం తగ్గినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఇంట్లో నెలలు నిండుతున్న ఆడవాళ్లకి పసిరికలు కనిపిస్తే మాత్రం పసరు దాకా ఆగొద్దు, హెపటైటిస్-ఈ అయితే వాళ్లకి ప్రాణం మీదకి తెస్తుంది. పసరు పోసే పెద్దాయనని అడిగి ఆ మొక్కని వేర్లతో సహా ఒకటి తెచ్చి న్యూస్‌పేపర్ మధ్య పెట్టి ఆరబెట్టండి, రేపు తేడా వస్తే ఏం తాగాడో చూపించడానికి అదొక్కటే ఉంటుంది.