అర్ధరాత్రి సూర్యుడికి ఎదురుగా కొట్టిన గోల్ఫ్ బంతి కనిపించేదెలా?

నార్వేలో లోఫోటెన్ దీవుల్లో రాత్రంతా గోల్ఫ్ ఆడుతున్నాం. పదకొండు దాకా ఇబ్బంది లేదు, పన్నెండు నుంచి రెండు మధ్యే చిక్కు. ఇక్కడ సూర్యుడు బాగా కిందికి దిగేది రాత్రి ఒంటిగంట ప్రాంతంలో, సరిగ్గా ఉత్తరాన. జూన్ చివర్లో అప్పుడు సముద్రానికి సుమారు 2 డిగ్రీల పైన ఉంటాడు. అటువైపు కొడితే బంతి క్లబ్ (గోల్ఫ్ కర్ర) వదిలిన క్షణంలోనే మాయం. టోపీ అంచు ఎంత కిందికి లాగినా వెలుగు కళ్లలోకే కొడుతోంది. పోలరైజ్డ్ కళ్లజోడుతో నీళ్ల మెరుపు తగ్గింది గానీ, గడ్డిలో పొడవాటి నీడలు మరీ నల్లబడి పడ్డ బంతి దొరకడం లేదు. పసుపు, నారింజ బంతులూ ఎదురెండలో నల్లచుక్కలే. ఇంత అందమైన వేళలో సగం, బంతులు వెతుక్కోవడానికే పోతోంది. ఇలాంటి వెలుగులో ఆడినవాళ్లు చెప్పండి: ఏ రంగు అద్దాలు పెట్టుకుంటే ఎగిరే బంతీ, గడ్డిలో పడ్డ బంతీ రెండూ కనిపిస్తాయి?