‘వివరించండి’, ‘విశ్లేషించండి’, ‘చర్చించండి’: జవాబు ఎక్కడ మారాలి?

బ్రాడీపేట_రీడింగ్‌రూమ్:
గ్రూప్-1 మెయిన్స్ తెలుగు మీడియంలో రాస్తున్నాను. ఏ మాట అడిగినా జవాబు ఒకేలా వస్తోంది: పరిచయం, ఆరు పాయింట్లు, ముగింపు. దిద్దినవాళ్లు “విషయం ఉంది, అడిగింది లేదు” అంటున్నారు. 2024 విజయవాడ వరదనే తీసుకుని తేడా చూపిస్తారా?

కృష్ణలంక_నోట్స్:
వివరించండి అంటే జరిగింది వరసగా చెప్పాలి: “భారీ వర్షాలకు బుడమేరు వాగు మళ్లింపు కాలువ ఎడమ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడి, నీరు విజయవాడలోని సింగ్‌నగర్ వైపు వచ్చింది.”

విశ్లేషించండి అంటే విడదీసి, ఏది దేనివల్ల జరిగిందో ముడి వేయాలి: “బుడమేరు మళ్లింపు కాలువ నీరు చివరికి కృష్ణలోనే కలవాలి. అప్పుడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలోనే 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద ఉంది. నదే నిండుగా ఉండటంతో కాలువ నీరు సులువుగా దిగలేదు. ఆ ఒత్తిడి గట్ల మీద పడింది.” సమాచారం దాదాపు అదే, ‘అందువల్ల’ అనే లంకె కొత్తగా వచ్చింది. మీ ఆరు పాయింట్ల మధ్య ఆ లంకె లేకపోతే అది విశ్లేషణ కాదు, జాబితా.

చర్చించండి అంటే కనీసం రెండు వాదాలు ఉండాలి. అసాధారణ వర్షం అన్నది ఒకటి, వాగు దారిలో ఆక్రమణలు అన్నది ఇంకొకటి. రెండూ ఆధారంతో చెప్పి, మీరు ఎటు మొగ్గుతున్నారో చివర్లో తేల్చాలి. తేల్చకుండా వదిలేయడమే ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు.

అరండల్‌పేట_అక్క:
తమ్ముడూ, ‘విమర్శనాత్మకంగా పరిశీలించండి’ అంటే తిట్టమని కాదు. ప్రశ్నలో ఇచ్చిన మాట ఎంతవరకు నిలుస్తుందో పరీక్షించమని. ఏ మేరకు నిజం, ఎక్కడ తేలిపోతుంది, చివరికి మీ తీర్పు ఏమిటి, ఈ మూడూ కనబడాలి.

‘పోల్చండి’లో మార్కులు పోయేది స్వాతంత్ర్యోద్యమ కాలపు పన్ను నిరాకరణ ఉద్యమాల్లో చీరాల-పేరాల గురించి ఒక పేజీ, పెదనందిపాడు గురించి ఒక పేజీ రాసేసినప్పుడు. అవి పక్కపక్కన పెట్టిన రెండు జవాబులు, పోలిక కాదు. ముందు గీటురాళ్లు పెట్టుకోండి. పన్ను ఏది? ఒకచోట మున్సిపల్ పన్ను, ఇంకోచోట భూమిశిస్తు. పద్ధతి? చీరాల జనం ఊరు వదిలి రామనగర్‌లో పాకలు వేసుకున్నారు. పెదనందిపాడు రైతులు ఊళ్లోనే ఉండి శిస్తు నిరాకరించారు. ఒక్కో గీటురాయి దగ్గర రెండు ఉద్యమాలూ ఒకే పేరాలో రావాలి.

కృష్ణలంక_నోట్స్:
ఇంకొకటి, దీన్ని చాలామంది పట్టించుకోరు. ప్రశ్న రెండు భాషల్లో ఉంటే ఇంగ్లీషు వాక్యం కూడా చూడండి. డిస్క్రైబ్‌కీ, ఎక్స్‌ప్లెయిన్‌కీ తెలుగులో ‘వివరించండి’ అనే పడుతుంటుంది. మొదటిది ఎలా ఉందో అడుగుతుంది, రెండోది ఎందుకు అని అడుగుతుంది. ఎక్స్‌ప్లెయిన్ అని ఉంటే కారణాలు లేని జవాబు సగమే.

బ్రాడీపేట_రీడింగ్‌రూమ్:
చాలా థాంక్స్ అన్నా, అక్కా. ఒకే ప్రశ్నలో రెండు ఆదేశాలు ఉంటే? “కారణాలను విశ్లేషించి, నివారణ చర్యలు సూచించండి” లాంటివి.

అరండల్‌పేట_అక్క:
రెండుగా విడగొట్టి, రెండు సబ్‌హెడ్డింగులు పెట్టండి. పేపర్‌కి 150 మార్కులు, 180 నిమిషాలు, అంటే 10 మార్కులకు 12 నిమిషాలు. ఒక నిమిషం ప్రశ్నకే ఇవ్వండి: ఆదేశ పదాల చుట్టూ సున్నా, టాపిక్ కింద గీత. మిగతా పదకొండులో ఆరు కారణాలకు, అయిదు చర్యలకు. కారణాలు బాగా వచ్చని వాటికే పది నిమిషాలు పోసి, చివర రెండు లైన్లలో ‘అవగాహన కల్పించాలి’ అని ముగిస్తే రెండో భాగం మార్కులు దాదాపు పోయినట్టే. పైన రాసిన ప్రతి కారణానికీ కింద ఒక చర్య ఉండాలి: గట్టు తెగడం కారణమైతే గట్టు పటిష్ఠం, కాలువ చాలకపోతే దాని సామర్థ్యం పెంపు, ఆక్రమణ అయితే హద్దులు కొలిచి తొలగింపు.