బేగంబజార్ దుకాణానికి మొబైల్ వెబ్ యాప్: ఏ ఫ్రేమ్‌వర్క్ మంచిది?

బేగంబజార్‌వాసి:
మా మామయ్యది బేగంబజార్‌లో డ్రైఫ్రూట్స్ టోకు దుకాణం. ఆర్డర్లు ఇప్పటికీ చీటీల మీదే నడుస్తున్నాయి. గుమాస్తాలు ఫోనులోనే రాసుకునేలా ఒక వెబ్ యాప్ చేసిపెట్టమంటున్నారు. ప్లే స్టోర్ తతంగం లేకుండా లింకు నొక్కితే తెరుచుకోవాలట. సరుకంతా సెల్లార్‌లో ఉంటుంది, అక్కడ సిగ్నల్ అందదు. మామయ్యది ఐఫోన్, మిగతావన్నీ చవక ఆండ్రాయిడ్‌లే. సరుకుల పేర్లు తెలుగులో ఉండాలి. అమీర్‌పేటలో నేను నేర్చుకున్న ఫ్రేమ్‌వర్క్ (వెబ్ యాప్ కట్టడానికి సిద్ధంగా దొరికే కోడ్ చట్రం) యాంగ్యులర్. జేక్వెరీ మొబైల్ అనే ఇంకో ఫ్రేమ్‌వర్క్‌తో త్వరగా అయిపోతుందని ఒక మిత్రుడి సలహా. ఏది వాడమంటారు?

రాత్రిబడి:
జేక్వెరీ మొబైల్ జోలికి పోకండి. దానికి స్వస్తి పలుకుతున్నామని 2021లో వాళ్లే ప్రకటించారు. యాంగ్యులర్ లాంటిదే రియాక్ట్ ఉంది, అది నేర్చుకోండి, ఉద్యోగానికీ పనికొస్తుంది.

పాతకాపు:
ఉద్యోగం సంగతి ఆయన అడగలేదు కదండీ! అడిగింది సెల్లార్ గురించి. అక్కడ రియాక్టయినా యాంగ్యులరయినా ఒకటే. పేజీని ఫోనులో నిలిపి ఉంచేది సర్వీస్ వర్కర్, ఆర్డర్లను దాచేది ఇండెక్స్‌డ్‌డీబీ. రెండూ బ్రౌజర్ సొత్తు. కాబట్టి వచ్చిన యాంగ్యులర్‌నే వాడండి, సర్వీస్ వర్కర్‌కు అందులో సొంత ప్యాకేజీ ఉంది. తెరల కోసం అయోనిక్ (బటన్లు, జాబితాలు సిద్ధంగా ఇచ్చే కిట్) కలుపుకోండి.

ఆర్డరు సంఖ్యను మాత్రం సర్వర్‌కు (ఆర్డర్లన్నీ చేరే కంప్యూటర్‌కు) వదిలేయకుండా ఫోనులోనే పుట్టించండి. మెట్లెక్కుతుంటే సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. యాప్ అదే ఆర్డరును మళ్లీ పంపుతుంది. సంఖ్య ఒకటే అయితే సర్వర్ రెండోదాన్ని పక్కన పెడుతుంది, లేదంటే జీడిపప్పు డబ్బాలు రెండింతలు బండెక్కుతాయి. సిగ్నల్ రాగానే తనంతట తాను పంపే బ్యాక్‌గ్రౌండ్ సింక్ ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఉంది, ఐఫోను బ్రౌజర్ సఫారీలో లేదు. మామయ్యగారి కోసం ‘పంపు’ అని ఒక బటన్ పెట్టండి. ఆయన ఐఫోనులో యాప్‌ను హోమ్ స్క్రీన్ మీదికి చేర్చడం మరవకండి. చేర్చకపోతే, సఫారీ వాడుతూ ఏడు రోజులు ఈ పేజీని ముట్టుకోకుంటే దాచినవన్నీ అది తుడిచేస్తుంది.

తెలుగు ఫాంటు ఆండ్రాయిడ్‌లో ఎలాగూ ఉంటుంది, మళ్లీ దింపించి ఫోన్లకు బరువు పెంచకండి. తెర మీది వరసల ఎత్తు మాత్రం సరిచూసుకోండి. ఇంగ్లీషు అక్షరాల కొలతకు బిగించిన వరసలో ‘కిస్మిస్’ ఎలాగోలా ఇమిడినా ‘ఎండుద్రాక్ష’కు కింది వత్తులు తెగిపోతాయి.

చిన్నఫోను:
చవక ఫోన్లలో అయోనిక్ కాస్త బరువేనండి. ఉన్నవి రెండు మూడు తెరలే అయితే స్వెల్ట్ అనే తేలిక ఫ్రేమ్‌వర్క్ చూడండి.

పాతకాపు:
స్వెల్ట్ తేలికే, కాదనను. కొత్తది నేర్చుకునేదాకా మామయ్యగారు ఆగుతారా అన్నదే నా అనుమానం.

బేగంబజార్‌వాసి:
ఆగరు! యాంగ్యులర్, అయోనిక్ ఖాయం చేసుకున్నాను. దుకాణంలోని కంప్యూటర్‌నే సర్వర్‌గా పెట్టి వైఫైలో నడిపిస్తే సరిపోతుందా?

పాతకాపు:
ఉత్త ఐపీ చిరునామాతో హెచ్‌టీటీపీలో తెరిస్తే సర్వీస్ వర్కర్ నమోదే కాదు, హెచ్‌టీటీపీఎస్ (గుప్తీకరించిన కనెక్షన్) తప్పనిసరి. డొమైన్ (సైటు పేరు) ఒకటి కొనండి. హెచ్‌టీటీపీఎస్‌కు కావాల్సిన సర్టిఫికెట్ లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సేవలో ఉచితంగా దొరుకుతుంది.