62 రోజులైనా చార్జిషీటు పడలేదు, బెయిల్‌కి ఏం చేయాలి?

అన్నలూ, అక్కలూ, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. మాది చిత్తూరు. మా తమ్ముడు బైకు దొంగతనం కేసులో రిమాండుకు వెళ్లి ఇవాళ్టికి 62 రోజులు, మా అమ్మ టీటీడీ క్యాలెండర్‌లో ఒక్కో తేదీ ఎర్ర పెన్నుతో కొట్టేస్తోంది. చార్జిషీటు ఇంకా వేయలేదు. బీఎన్ఎస్ఎస్ (క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే కొత్త చట్టం) 187వ సెక్షన్ ప్రకారం ఇలాంటి కేసుల్లో 60 రోజులు దాటితే బెయిల్ మన హక్కు, కానీ మనం పిటిషన్ వేసేలోపు పోలీసులు చార్జిషీటు వేసేస్తే ఆ హక్కు పోతుందంట, అదే టెన్షన్. లాయరేమో వచ్చే వారం చూద్దాం అంటున్నాడు. రేపే వేయమని గట్టిగా అడగొచ్చా? లెక్క అరెస్టు రోజు నుంచా, రిమాండు రోజు నుంచా? ఇద్దరు ష్యూరిటీలు కావాలంటే, సొంత ఇల్లు కూడా లేని మేము ఎవర్ని తెచ్చేది? జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది కదా, కేసు మధ్యలో మారితే ఇబ్బందా?